తెర కర్ర మీది ఊదారంగు వేళ్లు: రాహేలు గారి సేవాజీవితం

1951వ సంవత్సరం జూన్ నెల పద్దెనిమిదవ తేదీ, సోమవారం ఉదయం ఏడు గంటలకు శ్రీమతి దారా రాహేలు గారు మన ధర్మాసుపత్రి ప్రసూతి విభాగంలో హెడ్ నర్సుగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ముందురోజు గుంటూరు బస్సు దారిలో చెడిపోయినందున చివరి పన్నెండు మైళ్లు ఎద్దుబండి మీద ప్రయాణం చేసి, దుమ్ము కొట్టుకుపోయిన తెల్లచీరతో, ఒక రేకుపెట్టెతో ఆమె మన గుమ్మంలో దిగారు. అప్పటికి రెండేళ్లుగా ఇక్కడ కాంపౌండరుగా ఉన్న నేను కుర్చీ చూపి కూర్చోమన్నాను. ఆమె కూర్చోలేదు. "చేతులు కడుక్కునే నీళ్లు యాడున్నయ్యండీ?" అని అడిగారు. ఆమె నోట నేను విన్న మొదటి మాట అదే.

వెల్దుర్తిలో మిషన్ బడి ఉపాధ్యాయులుగా పనిచేసిన అబ్రహాము గారి పెద్దకుమార్తెగా జన్మించి, గుంటూరులో నర్సు శిక్షణ పూర్తిచేసి, అక్కడే పదునాలుగు సంవత్సరాలు ప్రశంసార్హంగా సేవలందించిన ఆమె, భర్త యోబు గారి అకాల మరణానంతరం పుట్టినగడ్డకు దగ్గరగా ఉండాలన్న ఆకాంక్షతో మన ఆసుపత్రికి విచ్చేశారు. తల్లి కూడా అప్పటికే లేరు. తనకంటె పద్దెనిమిదేళ్లు చిన్నదైన చెల్లెలు ఎస్తేరును తల్లివలె పెంచి, చదివించి, వివాహం జరిపించిన బాధ్యత కూడా ఆమెదే.

ఈ వీడ్కోలు సంచికకు వ్యాసం రాయవలసిందిగా మిత్రులు నన్ను ఆదేశించినప్పుడు, నేను లోకరీతిని అనుసరించి ఆమె సద్గుణాలను వర్ణిస్తూ నాలుగు పుటలు రాసి, ఆమెకు చూపించాను. ఆమె శ్రద్ధగా చదివి, కాగితాలు నా చేతికి తిరిగి ఇచ్చారు.

"ఇదంతా ఎందుకు కేశవరావుగారూ? ఆ ఎండాకాలం సంగతి రాయండి. నా పేరు పెట్టే రాయండి. కొత్తగా వచ్చే పిల్లలకి అది తెలియాల," అన్నారు.

"కుటుంబసభ్యులు కూడా చదువుతారు కదమ్మా," అన్నాను సంకోచంగా.

"చదవనియ్యండి. వాళ్లకి నేనెప్పుడో చెప్పిన."

కనుక ఆమె ఆజ్ఞను శిరసావహించి, పన్నెండు సంవత్సరాలుగా మేము కొద్దిమందిమి మాత్రమే మాట్లాడుకుంటూ వచ్చిన ఆ విషయాన్ని ఇక్కడ నివేదిస్తున్నాను.

ఆమె వచ్చిన తొలి ఆరు సంవత్సరాలలో మన ప్రసూతి విభాగం రూపురేఖలు మారిపోయాయి. కత్తెరలు, పటకారులు ప్రతిసారీ ఉడికించవలసిందే. దుప్పట్లు సోడాలో మరిగి, పల్నాటి ఎండలో కరకరలాడేటట్లు ఆరవలసిందే. వార్డు గుమ్మం పక్కన ముక్కాలి పీట మీద ఎనామెల్ బేసిన్, లైజాల్ నీళ్లు, సబ్బు ఉండేవి. చేతులు కడుక్కోకుండా లోపలికి అడుగుపెట్టిన వారిని, వారెంతటివారైనా సరే, ఆమె వెనక్కు పంపేవారు. మన వైద్యాధికారి డాక్టరు మహమూద్ గారు ఒకసారి పొరపాటున మరచిపోయి లోపలికి వస్తే, ఆమె ఏమీ అనకుండా ఆయన ముందు నిలబడి బేసిన్ వైపు చూశారు. డాక్టరు గారు నవ్వి వెనక్కు వెళ్లారు. మంత్రసానుల చేతుల మీదనే పురుళ్లు జరిగే ఊళ్ల నుంచి కూడా బళ్లు కట్టుకొని జనం రావడం మొదలైంది. "రాహేలమ్మ ఆసుపత్రి" అని పేరు స్థిరపడింది. అంతటి శుభ్రత నెలకొన్న చోట మృత్యువు దాగి ఉండగలదని మాలో ఎవ్వరమూ ఊహించలేదు.

1957 మే నెల. రెంటచింతల వైపు నుంచి వీచే వడగాలికి వార్డు కిటికీ రెక్కలు ముట్టుకుంటే కాలేవి. నూట పద్నాలుగు డిగ్రీల ఎండలో, మిట్టమధ్యాహ్నం పూట, ప్రసవించి మూడోనాడున్న ఒక రైతు భార్య ఉన్నట్టుండి, "అమ్మా, చలి పుడతంది," అన్నది. మొదట ఎవరూ నమ్మలేదు. పళ్లు టకటక కొట్టుకోవడం చూసి ఆయా దుప్పటి కప్పింది. రెండు దుప్పట్లు, ఆపైన బొంత కప్పినా వణుకు తగ్గలేదు. పక్క మంచాల మీది వారు చెమటతో తడిసిపోతూ విసనకర్రలు విసురుకుంటూ ఉండగా ఆమె ఒక్కతే మంచుకొండ మీద పడుకున్నట్లు వణికింది. పెన్సిలిన్ సూదులు పనిచేయలేదు. ఐదోనాటికి కన్నుమూసింది.

తొమ్మిది రోజుల తరువాత మరొక మంచం మీద, మరొక ఊరి నుంచి వచ్చిన ఉపాధ్యాయుని భార్యకు అదే మూడోనాడు, అదే మధ్యాహ్నవేళ చలి పుట్టింది. జూన్ మొదటి వారంలో వెల్దుర్తి నుంచి వచ్చిన ఒక కూలిమనిషికి పుట్టింది. ఇద్దరూ దక్కలేదు. ముగ్గురివీ సుఖప్రసవాలే. ముగ్గురివీ వేరువేరు మంచాలు, వేరువేరు దుప్పట్లు. రాహేలు గారు కేసు కాగితాలు పక్కపక్కన పరచుకొని ఎంతసేపు చూసినా ఆ ముగ్గురినీ కలిపే దారం కనిపించలేదు.

అయితే వార్డులోని స్త్రీలకు కనిపించింది.

మన వార్డులో చక్రాల మీద నడిచే కొయ్య తెర ఒకటి ఉండేది. మూడు రెక్కల చట్రం, దానికి తెల్లటి గుడ్డ. బాలింతలను పరీక్షించేటప్పుడు మరుగు కోసం దానిని మంచం చుట్టూ నిలిపేవారు. ఎవరైనా చివరి ఘడియల్లో ఉన్నా దానినే నిలిపేవారు. ఒక చక్రం అరిగి ఉండడం వలన అది కీచుమని, ఆగి, మళ్లీ కీచుమని, కుంటివాళ్లు నడిచినట్లు నడిచేది. కిటికీలో నుంచి వడగాలి కొట్టినప్పుడు దాని గుడ్డ లోపలికి పొంగి, అవతల ఎవరో నిలబడి ఈవలికి ఒరిగినట్లు కనిపించేది. తెర నిలబడిన మంచం మీది మనిషికి మూడోనాడు చలి వస్తుందని ఒక మాట పుట్టింది. ఆ మాట వార్డంతా పాకింది. చక్రం కీచుమనగానే పది మంచాల మీది స్త్రీలూ ఒక్కసారిగా గోడవైపు తిరిగి పడుకునేవారు. పసిపిల్లల ముఖాల మీద కొంగులు కప్పేవారు. మందుగది కిటికీలో నుంచి నేను ఎన్నోసార్లు చూశాను. మాట లేదు, ఏడుపు లేదు. చక్రం ఆగేదాకా ఒక్కరు కూడా ఇటు తిరిగేవారు కాదు.

అచ్చంపేట నుంచి వచ్చిన ఒక నడివయసు స్త్రీ మాత్రం గోడవైపు తిరగలేదు. తెర తన మంచం వైపు రావడం చూసి లేచి కూర్చుని పెద్దగా కేకలు పెట్టింది. "దాన్ని నా కాడికి తెచ్చారంటే పచ్చి బాలింతనని చూడను, పిల్లనెత్తుకుని బయటికి పోతా! మరుగెందుకు నాకు? ఐదుగుర్ని కన్న, సిగ్గేంది? అట్టనే చూడండి!" అన్నది. గత్యంతరం లేక తెర లేకుండానే పరీక్ష చేశారు. ఆమె ఏడోనాడు పిల్లను చంకనేసుకొని ఇంటికి నడిచిపోయింది. దానితో జనం అనుమానం రూఢి అయింది.

తెరను తోసేది ఆయా చాంద్ బీ. చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకొని, ఒక్కగానొక్క కూతురును సాకుకుంటూ మన ఆసుపత్రిని నమ్ముకుని బ్రతుకుతున్న మనిషి. "దాని చెయ్యి మంచిది కాదు, అది తెరపట్టిందంటే పాడె లేస్తది," అని జనం బాహాటంగానే అన్నారు. ఆమె మంచినీళ్లు ఇస్తే తాగడం మానేశారు. విషయం ధర్మకర్తల వరకు వెళ్లింది. ఆమెను తొలగించే విషయమై సమావేశం ఏర్పాటు చేస్తున్నట్లు కబురు వచ్చింది. రాహేలు గారు ఆగ్రహోదగ్రులయ్యారు. చదువుకున్నవాళ్లు కూడా చెయ్యి మంచిది కాదని ఒక నిరుపేద స్త్రీ నోటికాడి కూడు తీస్తారా అని డాక్టరు గారి ముందే గట్టిగా అడిగారు.

సరిగ్గా ఆ రోజులలోనే ఎస్తేరు తొలికాన్పు కోసం అక్కగారి దగ్గరకు వచ్చింది. జూన్ పదునాలుగవ తేదీన ఆడపిల్ల పుట్టింది. ఇరవైఐదేళ్ల ఎస్తేరు గలగల మాట్లాడే మనిషి. పిల్లను చూపించడానికి నన్ను గుమ్మం దగ్గరకు పిలిచి, "కాంపౌండరు బాబాయిగారూ, దీని ముక్కు మా అక్కదే, చూడండి. రేపు మిమ్మల్నందర్నీ ఇదే దడిపిస్తది," అని నవ్వింది.

మరునాడు ఉదయం పరీక్ష చేయవలసిన వేళ వచ్చింది. చాంద్ బీ తెర దగ్గరకు వెళ్లి, దానిని ముట్టుకోవడానికి చేతులాడక నిలబడిపోయింది. వార్డంతా ఆమెనే చూస్తున్నది. ఎస్తేరు కూడా మెల్లగా, "అక్కా, తెర వద్దులే. అందరూ ఏందేందో అంటన్నారు," అన్నది.

"ఒట్టి భయం ఎస్తేరూ. కొయ్యా గుడ్డా అది. ఏం చేసుద్ది?" అన్నారు రాహేలు గారు. బేసిన్ దగ్గరకు వెళ్లి, మోచేతుల వరకు సబ్బు రాసి, అందరూ చూస్తుండగా తీరికగా చేతులు కడుక్కున్నారు. తరువాత తామే స్వయంగా వెళ్లి, తెర పక్కకర్ర రెండు చేతులా పట్టుకొని, కీచుమనిపించుకుంటూ వార్డు ఈ చివరి నుంచి ఆ చివరి వరకు నడిపించుకొని వచ్చి, చెల్లెలి మంచం చుట్టూ నిలిపారు. పది మంచాల వైపు తిరిగి, "చూసుకోండి. చాంద్ బీ ముట్టలా. నేనే తెచ్చిన. నా చెల్లెలికే పెట్టిన," అన్నారు. అటుపిమ్మట తెర లోపలికి వెళ్లి పరీక్ష చేశారు.

మూడోనాడు మధ్యాహ్నం పన్నెండున్నరకు ఎస్తేరు, "అక్కా, కిటికీ మూయి, చలేస్తంది," అన్నది.

ఆ మాట నేను విన్నాను. మందు సీసా అందించడానికి అప్పుడే గుమ్మంలోకి వచ్చి ఉన్నాను. కిటికీలో నుంచి నిప్పులాంటి గాలి వస్తున్నది. రాహేలు గారు కిటికీ మూశారు. తరువాత చెల్లెలి నుదుటి మీద చెయ్యివేసి, అలాగే చాలాసేపు నిలబడిపోయారు. చుట్టూ ఉన్న స్త్రీలు ఒక్కొక్కరుగా గోడవైపు తిరిగారు. డాక్టరు మహమూద్ గారు తనకు తెలిసినదంతా చేశారు, గుంటూరుకు మనిషిని పంపి కొత్త మందు తెప్పించారు. జూన్ ఇరవయ్యో తేదీ మధ్యాహ్నం మూడు గంటలకు ఎస్తేరు వెళ్లిపోయింది. చివరి గంటలో మంచం చుట్టూ తెర నిలపవలసి వచ్చినప్పుడు, దానిని ఎవరు తేవాలన్నది ఎవరికీ తెలియలేదు. ఆఖరుకు ఏమీ నిలపలేదు.

ఎస్తేరు పోయిన నాలుగోనాడు రాహేలు గారు విధులకు హాజరయ్యారు. సెలవు తీసుకొమ్మని డాక్టరు గారు ఎంత చెప్పినా వినలేదు. పసిబిడ్డను చాంద్ బీ కూతురు ఇంటి దగ్గర చూసుకుంటున్నది. ఆ మధ్యాహ్నం వార్డులో ఒక మూల పెట్టి ఉంచిన తెర ఎదురుగా స్టూలు వేసుకొని ఆమె కూర్చున్నారు. చాంద్ బీ వెళ్లి కాళ్ల దగ్గర కూలబడింది. నేను మందుల పళ్లెం పట్టుకొని అక్కడే ఉన్నాను.

"అల్లా తోడు రాహేలమ్మా, నా చేతిలో ఏం లేదు," అన్నది చాంద్ బీ ఏడుస్తూ. "అంతా నన్నంటారు. తెర నేనొక్కదాన్నే పడతన్నానా? నేను తెచ్చి పెడతా. మీరు పడతారు, డాక్టరు గారు పడతారు. చేతులు కడుక్కొచ్చి మరీ దాన్నే పట్టుకుని జరుపుకుంటారుగా!"

రాహేలు గారు తల తిప్పి ఆమె వైపు చూశారు. "మళ్లీ చెప్పు," అన్నారు.

"ఏందమ్మా చెప్పేది? కడుక్కుని వస్తారు, తెర జరుపుతారు, మనిషిని చూస్తారు. రోజూ చూస్తన్నదేగా."

రాహేలు గారు మళ్లీ తెర కర్ర వైపు తిరిగారు. దుప్పట్లు ఉడికించాము, కత్తెరలు ఉడికించాము, తెర గుడ్డను కూడా ప్రతి సోమవారం ఉతికించాము. ఆ కొయ్యచట్రాన్ని మాత్రం నేను వచ్చిన ఎనిమిదేళ్లలో ఎవ్వరమూ కడగలేదు. అది తెల్లగానే ఉండేది. మాసినప్పుడల్లా మీద మరొక పూత రంగు వేయించేవారం.

ఆమె లేచి నా దగ్గరకు వచ్చారు. "ఊదామందు పొడి ఉందా మీకాడ?" అని అడిగారు. పుండ్లకు, నోటిపూతకు నీళ్లలో కలిపి పూసే జెన్షియన్ వయొలెట్‌ను మన ప్రాంతంలో ఊదామందు అంటారు. పొడిగా ఉన్నంతసేపు అది అంతగా కనబడదు. తడి తగిలితే చాలు, వదలని ఊదారంగు అంటుకుంటుంది. ఆమె చెప్పిన ప్రకారం నేను చిటికెడు పొడిని బోరిక్ పౌడరులో కలిపి మెత్తగా నూరి ఇచ్చాను. ఆనాటి సాయంత్రమే ఆమె తెర చట్రాన్ని క్రిములను చంపే కార్బాలిక్ నీళ్లతో తమ చేత్తో మూడుసార్లు కడిగి ఆరబెట్టారు. మరునాడు ఉదయం ఏడు గంటలకు ముందు ఆ తెల్లటి పొడిని పక్కకర్రల మీద పలుచగా అద్దారు. తెలుపు మీద తెలుపు. ఏమీ కనబడలేదు. "ఎవరికీ చెప్పొద్దు. ఎప్పటిమాదిరే పని జరగనియ్యండి. నేను కూడా ఎప్పటిమాదిరే చేస్తా," అన్నారు.

తొమ్మిది గంటల వరకు ఏమీ లేదు. పది గంటలకు మంచినీళ్ల కుండ మీది మూతకు ఒక ఊదా బొటనవేలు మొలిచింది. నేను మొలిచింది అని రాయడానికి కారణం, అది వేయడం ఎవరూ చూడకపోవడమే. ఎండ ముదిరి చేతులకు చెమట పట్టే కొద్దీ అవి వార్డు నిండా పైకి తేలసాగాయి. మంచాల తలాపు కమ్మీల మీద మూడేసి వేళ్లు. తలుపు గడియ మీద. కేసు కాగితాలకు దారంతో కట్టిన పెన్సిల్ మీద. డాక్టరు గారి స్టెతస్కోపు మీద, కళ్లజోడు కాడ మీద, ఆయన తెలియక తుడుచుకున్న నుదుటి మీద. ఒక పసిగుడ్డు కింది పెదవి ఊదాగా ఉన్నది. తల్లి రవిక పక్కకు తీసి చూస్తే అక్కడ రెండు వేళ్ల గుర్తులున్నాయి, ఆమెవి కావు. ఆ చేతులున్న మనుషులు అటూఇటూ తిరుగుతూనే ఉన్నారు, మాట్లాడుకుంటూనే ఉన్నారు, ఎవరికీ ఏమీ తెలియదు. ఎవరో ఒక మనిషి మా అందరి మధ్యా కంటికి కనబడకుండా నడుస్తూ, ప్రతి మంచం దగ్గరా ఆగి, ప్రతివారినీ నిమిరి వెళుతున్నట్లున్నది. వయసులో మూడువంతులు గడచిన నాకు ఆనాటి భయం వంటిది మరెన్నడూ కలగలేదు.

మధ్యాహ్నం పన్నెండు గంటలకు రాహేలు గారు నన్ను ఐదో నంబరు మంచం దగ్గరకు పిలిచారు. అది ఎస్తేరు ఉన్న మంచం. సాయంత్రం బండి మీద రాబోయే ఒక గర్భిణి కోసం దాని మీద ఉతికిన దుప్పటి పరచి సిద్ధంగా ఉంచారు. ఆ దుప్పటి అంచున, తలగడ పక్కన, నాలుగు వేళ్లు, ఒక బొటనవేలు స్పష్టంగా ఉన్నాయి. ఇంకా ఊరు దాటి బయలుదేరని ఆ మనిషి కోసం అవి ముందుగానే వచ్చి కూర్చున్నాయి.

"ఈ పక్క ఎవరు పరిచారు?" అని అడిగాను.

ఆమె కుడిచేయి చాచి, ఆ గుర్తుల మీద ఆనించారు. వేలికి వేలు సరిగ్గా సరిపోయింది.

ఆనాడు భోజనానికి ఇంటికి వెళ్లిన నేను, రహస్యం తెలిసినవాణ్ణి గనుక చేతులు శుభ్రంగా ఉన్నాయనే ధీమాతో ఉన్నాను. కాళ్లు కడుక్కొని లోపలికి వచ్చి పిల్లవాణ్ణి ఎత్తుకోగానే నా భార్య, "ఏందండీ ఇది, పిల్లాడి మొహానికి?" అన్నది. ఎత్తుకోమని చేతులు చాచిన నా ఏడాది కొడుకు బుగ్గ మీద, గడ్డం కింద, నా వేళ్లు ఊదాగా మెరుస్తున్నాయి. రాహేలు గారితో మాట్లాడుతూ ఎప్పుడో ఒక్కసారి ఆ తెర కర్రను ఆనుకున్నానన్నమాట. ఎప్పుడో నాకు ఈనాటికీ గుర్తు లేదు.

రెండు రోజుల తరువాత ధర్మకర్తల సమావేశం జరిగింది. చాంద్ బీ గుమ్మం బయట నిలబడి ఉంది. ఆమెను తొలగించే తీర్మానం చదవడం పూర్తికాకముందే రాహేలు గారు లేచి, ఐదో నంబరు మంచం దుప్పటిని బల్ల మీద పరిచారు.

"అయ్యా, చాంద్ బీ చెయ్యి ఎట్టాంటిదని కదా మీరు విచారించేది? ఇదిగో, చెయ్యి. ఇది దానిది కాదు, నాది," అన్నారు. "ఈ చేత్తోనే తెర పట్టుకున్న. ఈ చేత్తోనే నా చెల్లెల్ని చూసిన. ఆ తెర కర్రకి ఇంతకుముందు పోయినోళ్ల జబ్బు అంటుకునుంది. రంగు తెల్లగా ఉందని నమ్మినం. జనం తెరని చూసి భయపడింది ఒట్టిది కాదండీ. నేనే ఒట్టిదన్న. తీసెయ్యాలంటే నన్ను తీసెయ్యండి."

డాక్టరు మహమూద్ గారు మెల్లగా లేచి, మెడలోని స్టెతస్కోపు తీసి ఆ దుప్పటి పక్కన పెట్టారు. దాని గొట్టం పొడవునా ఊదారంగు వేళ్లున్నాయి. "సిస్టర్ గారొక్కరే కాదు," అని మాత్రం అన్నారు. నేను కూడా లేచి నిలబడ్డాను. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. మా పిల్లవాడి సంగతి చెప్పాను. తీర్మానం కాగితం చింపివేశారు.

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రి వెనుక ఖాళీస్థలంలో తెరను విరగగొట్టించారు. రంగు పెచ్చులు లేచిన చోట, బందులు కలిసే సందుల్లో, చేతులు పట్టుకునే ఎత్తున, పూతకూ పూతకూ నడుమ గోధుమరంగు పొరలు ఎండి గట్టిపడి ఉన్నాయి. ఒకటి కాదు, ఎన్నో పొరలు. ఆ పొరల్లో ఎవరెవరి ఆఖరి రోజులున్నాయో లెక్కపెట్టడం సాధ్యం కాదు. నిప్పు పెట్టిన తరువాత అందరం వెళ్లిపోయాము. రాహేలు గారు బూడిద చల్లారేవరకు ఆ ఎండలోనే నిలబడ్డారు. చాంద్ బీ తన కొంగు ఆమె తలపైన పట్టుకొని పక్కన నిలబడింది.

తదనంతర కాలంలో మన ఆసుపత్రిలో నెలకొన్న పద్ధతులను మీరందరూ ఎరుగుదురు, వాటి వెనుక ఏమున్నదో మాత్రం కొద్దిమందే ఎరుగుదురు. ఇనుపగొట్టాల తెరలు వచ్చాయి. ఒక మనిషికీ మరొక మనిషికీ నడుమ వాటిని కార్బాలిక్‌తో తుడవడం విధి అయింది. ముందు తెర జరిపి, ఆ తరువాతనే చేతులు కడుక్కోవడానికి రెండో బేసిన్ తెర లోపల వెలసింది. 1961లో కుళాయి వచ్చినప్పుడు అందరం సంతోషిస్తే, ఆమె మాత్రం కుళాయి పిడిని చూస్తూ, "మురికి చేత్తో తిప్పుతాం, కడిగిన చేత్తో దాన్నే కట్టేస్తాం. ఎట్టా మరి?" అన్నారు. ఆనాటి నుంచి నేటి వరకు ఆయాలు చెంబుతో నీళ్లు పోస్తూనే ఉన్నారు. చెప్పాపెట్టకుండా ఏదో ఒక ఉదయం ఆమె ఏదో ఒక వస్తువు మీద ఊదాపొడి అద్దేవారు. మధ్యాహ్నానికల్లా ఎవరో ఒకరి వేళ్లు ఎక్కడో ఒకచోట బయటపడేవి. ఎవరినీ తిట్టేవారు కాదు, తీసుకొనివెళ్లి చూపించేవారు. కొత్త నర్సులు కొందరు ఆ మరకలు చూసి ఏడ్చారు. ఈ పన్నెండేళ్లలో ఆ చలి పుట్టే జ్వరంతో మన వార్డులో మరణించినది ఒకే ఒక్క బాలింత. ఆమె కూడా ఇంటి దగ్గర ప్రసవించి, జ్వరం ముదిరిన తరువాత వచ్చిన మనిషి. అయినప్పటికీ రాహేలు గారు ఆమె పేరును ఈనాటికీ తలుచుకుంటారు.

ఒక్క సంఘటన చెప్పి ముగిస్తాను. ఎస్తేరు కుమార్తెను బిడ్డ తండ్రి సమ్మతితో రాహేలు గారే పెంచుకున్నారు. పాపకు కరుణ అని పేరు పెట్టారు. స్నానం చేయించేవారు, అన్నం కలిపి పెట్టేవారు, కానీ ఆ పనులు కానప్పుడు పాపను ముట్టుకునేవారు కాదు. ముద్దుపెట్టుకోవడం మేమెవ్వరం చూడలేదు. మాట్లాడేటప్పుడు కూడా చేతులు వెనక్కు కట్టుకొని నిలబడేవారు. పాపకు నాలుగేళ్లు నిండిన తరువాత ఒకనాడు ఆసుపత్రి వసారాలో మా అందరి ఎదుటా అడిగింది: "పెద్దమ్మా, నేను మురికా? నన్నెందుకు ముట్టుకోవు?"

రాహేలు గారు, "నువ్వు కాదమ్మా," అని మాత్రం అనగలిగారు.

నీళ్లచెంబు పట్టుకొని అటువైపు వస్తున్న చాంద్ బీ ఆగిపోయింది. చెంబు కింద పెట్టకుండానే, "చేతులు పట్టు రాహేలమ్మా," అన్నది. ఆమె అప్రయత్నంగా చేతులు ముందుకు చాపారు. చాంద్ బీ నీళ్లు పోసింది, సబ్బు ఇచ్చింది, మళ్లీ పోసింది. తరువాత పాపను ఎత్తి, ఆ తడిచేతుల్లోనే పెట్టేసింది. "కడిగిన. నేను కడిగిన. ఇంకేంది? ఎత్తుకో," అన్నది. రాహేలు గారు పాపను గుండెలకు అదుముకొని, ఆ వసారాలో మెట్టు మీద కూర్చుండిపోయారు. మేమందరం పని ఉన్నట్లు నటిస్తూ పక్కకు తప్పుకున్నాము.

శ్రీమతి రాహేలు గారు ఈ నెల ముప్పయ్యో తేదీన పదవీ విరమణ చేస్తున్నారు. చిరంజీవి సౌభాగ్యవతి కాగల కరుణ ఏడవ తరగతిలో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణురాలైంది. వారిరువురూ వెల్దుర్తిలో నివాసముంటారు. చుట్టుపక్కల ఊళ్ల మంత్రసానులను వారానికొకసారి ఇంటికి పిలిచి చేతులు కడగడం నేర్పిస్తానని, అందుకు ఊదాపొడి పంపుతూ ఉండమని ఆమె నన్ను కోరారు. తప్పక పంపగలను.

తాము చేసిన మేలును ఎన్నడూ చెప్పుకోక, జరిగిన కీడును ఎన్నడూ దాచుకోక, పద్దెనిమిది సంవత్సరాలు మా నడుమ మెలగిన ఆ మహనీయురాలికి ఆ దయామయుడు సంపూర్ణ ఆరోగ్యాన్ని, సుదీర్ఘమైన ఆయుష్షును, నిశ్చింతగల మధ్యాహ్నాలను ప్రసాదించుగాక. కరుణ పెరిగి పెద్దదై, తన బిడ్డలను ఆ ఒడిలో కూర్చోబెట్టే నాటివరకు, ఆ తరువాత కూడా చాలా కాలం వరకు, రాహేలు గారు చల్లగా ఉందురుగాక.

భవదీయుడు,
చెన్నకేశవరావు, కాంపౌండరు
జూన్ 1969